కాంతి ద్వారం ఎంత? కాంపాక్ట్, డీఎస్ఎల్ఆర్ కెమెరాల మధ్య ఎంపిక

విశాఖపట్నంలో మద్దిలపాలెం కూడలి నుంచి ఎటు కదిలినా కొద్ది కిలోమీటర్లలోనే కెమెరాకు ఓ కొత్త పరీక్ష ఎదురవుతుంది. సముద్రం వైపు వెళ్తే రామకృష్ణా బీచ్‌లో కళ్లు చెదిరే ఎండ, ఆ ఎండలో తెల్లగా విరిగే కెరటాలు, రేవులో చోటు కోసం దూరాన లంగరేసి కాచుకున్న ఓడలు. కైలాసగిరి ఎక్కితే పొద్దుగూకాక వంపు తిరిగిన తీరం వెంట వెలిగే దీపాలు. కంబాలకొండ అడవిలో ఆకుల నీడన క్షణమైనా కుదురుగా ఉండని పిట్టలు. ఇక ఊళ్లోనే ఏ కల్యాణ మండపంలోనో రాత్రి ముహూర్తానికి తలంబ్రాలు. ఒకపక్క ఆంధ్ర విశ్వవిద్యాలయం, మరోపక్క వి.ఎస్. కృష్ణా ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉన్న ఈ ప్రాంతంలో మొదటి కెమెరా కొనాలనుకునే విద్యార్థికి ఇవన్నీ ఆశపెట్టే దృశ్యాలే. కానీ చేతిలో ఉన్న డబ్బు ఒక్క కెమెరాకే సరిపోతుంది. ఆ డబ్బుతో జేబులో పట్టే మంచి కాంపాక్ట్ కొనాలా, లెన్సులు మార్చుకోగల ప్రారంభస్థాయి డీఎస్ఎల్ఆర్ కొనాలా?

ఈ ప్రశ్నకు అందరూ తడుముకోకుండా చెప్పే జవాబు, డీఎస్ఎల్ఆర్ పెద్దది కాబట్టి బొమ్మ బాగా వస్తుందని. ఈ జవాబులో కొంత నిజం ఉంది. ఎంత నిజమో కొలిచి చూడకపోవడమే చిక్కు. కొలిచి చూస్తే తేలేది ఇది: ప్రారంభస్థాయి డీఎస్ఎల్ఆర్‌ను పెట్టెలో దానితోపాటు వచ్చే కిట్ లెన్స్‌తోనే జీవితకాలం వాడేట్టయితే, మంచి కాంపాక్ట్ మీద దానికి ఉండే ఆధిక్యం చాలా స్వల్పం, కొన్ని సందర్భాల్లో అది వెనకబడుతుంది కూడా. దాని అసలు విలువ రెండో లెన్స్‌తో మొదలవుతుంది. కాబట్టి కొనేముందు వేసుకోవాల్సిన ప్రశ్న రెండో లెన్స్ గురించి. ఇది అభిరుచికి సంబంధించిన మాట కాదు, కాంతి స్వభావం నుంచి నేరుగా వచ్చే లెక్క. ఆ లెక్కను మొదటి నుంచీ చూద్దాం.

డిజిటల్ కెమెరా పని కాంతిని లెక్కపెట్టడం. కాంతి ఫోటాన్లనే విడివిడి శక్తి పొట్లాలుగా వస్తుందని 1905లో ఐన్‌స్టైన్ ప్రతిపాదించాడు. ఫోటాన్ సిలికాన్‌లో పడితే ఒక ఎలక్ట్రాన్‌ను విడిపిస్తుంది. అలా విడిపడ్డ ఎలక్ట్రాన్లను గడులవారీగా పోగుచేసి చదివే సీసీడీ అనే పరికరాన్ని 1969లో బెల్ ల్యాబ్స్‌లో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపొందించారు. నలభై ఏళ్ల తర్వాత, 2009లో, దానికి భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ అలాంటి సెన్సర్‌తో తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా మూడున్నర కిలోలకు పైగా బరువుండేది, అందులో ఉన్న పిక్సెళ్లు 10,000. నేటి కెమెరాల్లో సీసీడీ స్థానాన్ని సీమాస్ సెన్సర్ ఆక్రమించింది, పిక్సెళ్లు కోట్లలోకి చేరాయి. పని మాత్రం మారలేదు. ప్రతి గడీలో ఎన్ని ఫోటాన్లు పడ్డాయో లెక్కపెట్టడమే ఇప్పటికీ ఫొటో తీయడం.

అయితే ఫోటాన్లు వరుసగా, సమాన వ్యవధిలో రావు. మద్దిలపాలెం మీదుగా పోయే జాతీయ రహదారి మీద, సిగ్నళ్లకు దూరంగా ఒకచోట నిలబడి బళ్లు లెక్కపెడుతున్నామనుకుందాం. సగటున నిమిషానికి నూరు వచ్చేచోట ఒక నిమిషం తొంభై రావచ్చు, మరో నిమిషం నూటపది రావచ్చు. ఇలా యాదృచ్ఛికంగా వచ్చేవాటిని లెక్కపెట్టినప్పుడు హెచ్చుతగ్గులు ఆ సంఖ్య వర్గమూలమంత ఉంటాయని గణితం చెబుతుంది. నూటికి పది, అంటే పది శాతం. పదివేలకు నూరు, అంటే ఒక్క శాతమే. ఫొటోలో చీకటి భాగాల్లో కనిపించే రంగురంగుల గరుకుదనం, ఫొటోగ్రాఫర్లు నాయిస్ అనేది, చాలావరకు ఈ హెచ్చుతగ్గులే. ఇది తయారీలోపం కాదు, ఏ కంపెనీ ఎంత నైపుణ్యం చూపినా పూర్తిగా తొలగించలేనిది. ఎక్కువ ఫోటాన్లను పోగుచేయడమొక్కటే దీనికి అసలైన మందు. కళ్లు చెదిరే ఎండలో లక్ష లక్సుల వెలుగు ఉంటే, దీపాలున్న రాత్రి వీధిలో పది లక్సులు ఉంటుంది. పదివేల రెట్ల తేడా. ఎండలో ఏ కెమెరాకైనా ఫోటాన్లకు కరువుండదు. కెమెరాల తారతమ్యం బయటపడేది చీకటి పడ్డాకే.

మరి ఎక్కువ ఫోటాన్లు ఏ కెమెరాకు చిక్కుతాయి? ఇక్కడ చాలామంది సెన్సర్ సైజు చూస్తారు. చిన్న కాంపాక్టుల్లో సెన్సర్ సుమారు 6.2 × 4.6 మి.మీ., అంటే 28 చదరపు మి.మీ. నికాన్ డి3500 లాంటి ప్రారంభస్థాయి డీఎస్ఎల్ఆర్‌లో అది 23.5 × 15.6 మి.మీ., అంటే 366 చదరపు మి.మీ.; పదమూడు రెట్లు. కానీ సెన్సర్ తనంతట తాను కాంతిని లాక్కోలేదు, లెన్స్ లోపలికి పంపినదాన్ని పట్టుకుంటుందంతే. ఒకే దృశ్యాన్ని, ఒకే కోణంలో, ఒకే షట్టర్ వేగంతో తీసినప్పుడు సెన్సర్ మీద మొత్తంగా ఎంత కాంతి పడుతుందన్నది లెన్స్‌లో కాంతి ప్రవేశించే ద్వారం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. ఆ ద్వారం వ్యాసాన్ని ఎవరైనా లెక్కకట్టవచ్చు. లెన్స్ మీద అచ్చువేసిన ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ సంఖ్యతో భాగిస్తే చాలు. సెన్సర్ పెద్దదైతే అదే కోణానికి పొడవైన ఫోకల్ లెంగ్త్ కావాలి, దానివల్ల అదే ఎఫ్ సంఖ్యకు ద్వారం పెద్దదవుతుంది. పెద్ద సెన్సర్‌కు చీకట్లో మంచిపేరు రావడానికి కారణం ఇదే. ఎఫ్ సంఖ్య మారితే ఆ ఆధిక్యం కరిగిపోవచ్చు.

ఇప్పుడు మూడు కెమెరాలను ఈ కొలతతో చూద్దాం. మూడూ దాదాపు ఒకే వెడల్పు దృశ్యాన్ని పట్టే స్థితిలో ఉన్నాయనుకుందాం. 5 మి.మీ. ఫోకల్ లెంగ్త్, ఎఫ్/3.2 ఉన్న మామూలు కాంపాక్ట్‌లో ద్వారం వ్యాసం 1.6 మి.మీ. మాత్రమే. డీఎస్ఎల్ఆర్‌తో వచ్చే 18–55 మి.మీ. కిట్ లెన్స్‌లో, 18 మి.మీ. దగ్గర ఎఫ్/3.5తో, అది 5.1 మి.మీ. వైశాల్యంలో పది రెట్లకు పైగా తేడా. చిన్న కెమెరా ఒక చోట 900 ఫోటాన్లు పట్టేసరికి డీఎస్ఎల్ఆర్ దాదాపు 10,000 పడుతుంది. నాయిస్ మూడు శాతం నుంచి ఒక్క శాతానికి దిగుతుంది. ఇక్కడిదాకా లోకం మాటే నిజం. ఇక మూడో కెమెరా, 2012లో సోనీ తెచ్చిన ఆర్‌ఎక్స్100. ఇదీ జేబులో పట్టేదే, బరువు 240 గ్రాములు. అందులో 13.2 × 8.8 మి.మీ. సెన్సర్, 10.4 మి.మీ. దగ్గర ఎఫ్/1.8 ద్వారం ఉన్నాయి. భాగహారం చేస్తే 5.8 మి.మీ. సెన్సర్ డీఎస్ఎల్ఆర్ సెన్సర్‌లో మూడోవంతు కూడా లేకపోయినా, వెడల్పు దృశ్యాల్లో ఈ చిన్న కెమెరా కిట్ లెన్స్ కన్నా పాతిక శాతం ఎక్కువ కాంతిని లోపలికి రానిస్తుంది.

అంటే అరకు దారిలో బొర్రా గుహల్లోకి దిగి, మసక వెలుగులో సున్నపురాతి స్తంభాలను చేత్తో పట్టుకునే తీయాలంటే, కిట్ లెన్స్ తగిలించిన డీఎస్ఎల్ఆర్‌కు ఎఫ్/1.8 కాంపాక్ట్ ఏమాత్రం తీసిపోదు. కైలాసగిరి మీంచి తీరపు దీపాలను వెడల్పుగా తీసినా అంతే. జూమ్ చేసినకొద్దీ పరిస్థితి మారుతుంది. కిట్ లెన్స్ 55 మి.మీ. దగ్గర ఎఫ్/5.6తో 9.8 మి.మీ. ద్వారం ఇస్తే, ఆర్‌ఎక్స్100 తన చివరి కొసన, 37.1 మి.మీ. దగ్గర ఎఫ్/4.9తో, 7.6 మి.మీ. ఇస్తుంది. డీఎస్ఎల్ఆర్ ముందుంది, కానీ బరువు చూస్తే ఆ ముందంజ చిన్నదే. బాడీ, బ్యాటరీ, కిట్ లెన్స్ కలిసి 600 గ్రాములు దాటుతాయి.

ఇప్పుడు తలంబ్రాలకు వద్దాం. వధూవరుల దోసిళ్ల నుంచి జారిన బియ్యం 20 సెంటీమీటర్లు పడేసరికి సెకనుకు 2 మీటర్ల వేగం అందుకుంటుంది. షట్టర్ సెకనులో 60వ వంతు తెరిచి ఉంటే ఆ గింజ ఫొటోలో మూడు సెంటీమీటర్లకు పైగా సాగిన గీత అవుతుంది. 500వ వంతు అయితే 4 మి.మీ. మాత్రమే, గింజ గింజలాగే కనిపిస్తుంది. మండపంలో 300 లక్సుల వెలుగు ఉందనుకుంటే, 500వ వంతు సెకనుకు కిట్ లెన్స్ ఎఫ్/5.6 దగ్గర ఐఎస్ఓను, అంటే సెన్సర్ చదివిన సంకేతాన్ని కెమెరా పెంచి చూపే స్థాయిని, దాదాపు 12,800 దాకా పెంచాలి. పెళ్లికూతురి ముఖం మీద చర్మం పోయి నాయిస్ మిగులుతుంది. అదే కెమెరాకు 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ తగిలిస్తే ద్వారం 27.8 మి.మీ. అవుతుంది. కాంతి సుమారు పది రెట్లు పెరుగుతుంది, ఐఎస్ఓ 1,300 దగ్గర ఆగుతుంది. ఈ లెన్స్ డీఎస్ఎల్ఆర్ లెన్సుల్లోకెల్లా చవకైనవాటిలో ఒకటి, రెండు వందల గ్రాముల లోపు బరువు. అదే కోణంలో ఆర్‌ఎక్స్100 ద్వారం 8 మి.మీ. కూడా దాటదు, ఈ లెన్స్ పట్టే కాంతిలో పదమూడో వంతు కూడా దానికి దక్కదు. డీఎస్ఎల్ఆర్‌కూ కాంపాక్ట్‌కూ మధ్య అసలైన అగాధం ఇక్కడ ఉంది, కిట్ లెన్స్ దగ్గర లేదు. ఫ్లాష్ ఉంది కదా అనవచ్చు. కెమెరా మీది ఫ్లాష్ గింజను నిలబెడుతుంది నిజమే. కానీ 3 మీటర్ల దూరంలో ఉన్నవారికి పడే వెలుగులో నాలుగోవంతే 6 మీటర్ల దూరంలో ఉన్నవారికి చేరుతుంది. వధూవరులు తెల్లబోయి, వెనక నిలుచున్న చుట్టాలు చీకట్లో కలిసిపోతారు.

దూరపు దృశ్యాల్లోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. బీచ్‌కు 5 కిలోమీటర్ల దూరంలో లంగరేసిన 200 మీటర్ల ఓడను తీసుకోండి. కిట్ లెన్స్‌తో గరిష్ఠంగా జూమ్ చేసినా ఓడ బొమ్మ వెడల్పులో పదోవంతు కూడా ఉండదు. 30 రెట్ల జూమ్ ఉన్న కాంపాక్ట్‌లో అదే ఓడ బొమ్మ వెడల్పులో నాలుగింట మూడు వంతులకు పైగా నిండుతుంది. ఆ కాంపాక్ట్ లెన్స్ చివరి కొసన 123 మి.మీ., ఎఫ్/6.4 అయితే ద్వారం 19 మి.మీ.; కిట్ లెన్స్‌కు రెట్టింపు. పగటిపూట ఓడల్ని చూడాలనుకునేవారికి కిట్ లెన్స్ డీఎస్ఎల్ఆర్ కన్నా ఈ కాంపాక్టే మేలన్నది స్పష్టం. కానీ డీఎస్ఎల్ఆర్‌కు 70–300 మి.మీ. లెన్స్ తగిలిస్తే 300 మి.మీ. దగ్గర ఎఫ్/6.3తో ద్వారం 47 మి.మీ. దాటుతుంది. అదే ఓడ నుంచి, అదే పిట్ట నుంచి ఆరు రెట్లు ఎక్కువ కాంతి లోపలికి వస్తుంది. ఎండలో ఓడకు ఆ ఆరు రెట్లు అక్కర్లేకపోవచ్చు. సముద్రం మీది ఆవిరి తెర ఎలాగూ వివరాల్ని మింగేస్తుంది. కంబాలకొండ నీడలో కొమ్మ మారే పిట్టకు మాత్రం అవే ప్రాణం.

ఈ లెక్కకు వచ్చే అభ్యంతరాల్లో మొదటిది మెగాపిక్సెళ్లది. చిన్న కాంపాక్ట్‌లోనూ 20 మెగాపిక్సెళ్లు, డీఎస్ఎల్ఆర్‌లోనూ 24 ఉన్నప్పుడు తేడా ఏముందని అడుగుతారు. కాంతి తరంగం కాబట్టి ఎంత చిన్న చుక్కయినా ద్వారంగుండా వచ్చేసరికి పరుచుకుంటుంది. ఆకుపచ్చ కాంతికి, చిన్న కాంపాక్ట్ పూర్తి జూమ్‌లో ఉండే ఎఫ్/6.9 దగ్గర, ఆ పరపు సుమారు 9 మైక్రాన్లు. చిన్న కాంపాక్ట్‌లో పిక్సెల్ వెడల్పు 1.2 మైక్రాన్లే కాబట్టి ఒక్క చుక్క ఏడెనిమిది పిక్సెళ్ల మీదికి పాకుతుంది. డీఎస్ఎల్ఆర్‌లో పిక్సెల్ 3.9 మైక్రాన్లు, ఎఫ్/5.6 దగ్గర పరపు రెండు పిక్సెళ్ల లోపు. పెట్టె మీద రాసిన 20 మెగాపిక్సెళ్లలో పూర్తి జూమ్‌లో నిజంగా పనికొచ్చేవి కొద్దే. రెండో అభ్యంతరం మరింత బలమైనది. ఎండలో ద్వారంతో పనిలేదు, అక్కడ సెన్సర్ ఎన్ని ఎలక్ట్రాన్లు నిండేదాకా నింపుకోగలదన్నదే ముఖ్యం. ఆ లెక్కన డీఎస్ఎల్ఆర్ గెలుస్తుంది కదా? గెలుస్తుంది. తెల్లటి నురగ, పక్కనే నల్లటి బండరాయి, రెండిట్లోనూ వివరం నిలవాలంటే మూడు రెట్ల పెద్ద సెన్సర్ తప్పకుండా సాయపడుతుంది. రా ఫైల్ (సెన్సర్ చదివినదాన్ని ఉన్నదున్నట్టు దాచే ఫైల్) తీసి, కంప్యూటర్ ముందు కూర్చుని నీడల్ని పైకి తెచ్చే ఓపిక ఉన్నవారికి ఇది నిజమైన లాభం. ఆ పని చేయనివారికి ఈ తేడా కంటికి ఆనదు.

కాంతి లెక్కలో రాని లాభాలూ డీఎస్ఎల్ఆర్‌కు ఉన్నాయి, వాటిని దాచకూడదు. లోపలి అద్దం వల్ల దృశ్యం నేరుగా కంటికి చేరుతుంది కాబట్టి, బీచ్ ఎండలో కాంపాక్ట్ తెర వెలవెలబోయినా వ్యూఫైండర్‌లో బొమ్మ స్పష్టంగా కనిపిస్తుంది. అద్దం కొంత కాంతిని ప్రత్యేక ఫోకస్ సెన్సర్‌కు మళ్లిస్తుంది, అందుకే పరిగెత్తే పిల్లల మీద ఫోకస్ చప్పున కుదురుతుంది. తెర వెలిగే పని లేదు కాబట్టి డి3500 ఒక్క చార్జింగ్‌తో ప్రామాణిక పరీక్షలో 1,550 ఫొటోలు తీస్తే, ఆర్‌ఎక్స్100 తీసేది 330. కదిలేవాటిని రోజంతా తీసేవారికి కిట్ లెన్స్‌తోనైనా ఇవి విలువైన సౌకర్యాలు. కెమెరా మీది చక్రాలు తిప్పుతూ ఫొటోగ్రఫీ నేర్చుకోవాలంటే డీఎస్ఎల్ఆరే కావాలన్న మాట మాత్రం నిలవదు. షట్టర్, ద్వారం, ఐఎస్ఓలను చేత్తో మార్చే వీలు మంచి కాంపాక్టుల్లోనూ ఉంది.

ఫోన్ ఉండగా ఈ రెండూ ఎందుకన్నది నేటి అభ్యంతరం, దీన్ని గౌరవించాలి. 2010లో ప్రపంచంలో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు కంపెనీల నుంచి బయటికి వెళ్తే, 2023 నాటికి అవి 80 లక్షల లోపుకు పడిపోయాయి. కూలిపోయినవాటిలో ఎక్కువ 1.6 మి.మీ. ద్వారపు చిన్న కాంపాక్టులే, ఎందుకంటే ఆ పనిని ఫోన్ అంతకన్నా బాగా చేస్తోంది. ఫోన్ చకచకా పది ఫొటోలు తీసి ఒకదానిమీద ఒకటి పేరుస్తుంది. అంటే ద్వారం పెంచలేక కాలాన్ని పెంచి ఫోటాన్లు పోగుచేస్తుంది. గుహ కదలదు కాబట్టి అక్కడ ఈ ఉపాయం పారుతుంది. పడుతున్న తలంబ్రం, ఎగిరే పిట్ట కాలాన్ని ఇవ్వవు. కాబట్టి జూమ్ లేని, ద్వారం పెద్దది కాని చిన్న కాంపాక్ట్‌ను ఇవాళ కొనడం వృథా. కాంపాక్ట్ కొంటే ఎఫ్/1.8 లాంటి ద్వారమున్నదో, ఫోన్ అందుకోలేని జూమ్ ఉన్నదో కొనాలి.

విశాఖ గాలి కూడా ఈ నిర్ణయంలో ఒక పాత్ర పోషిస్తుంది. సముద్రం ఒడ్డున తేమ ఏడాది పొడవునా ఎక్కువే. 60 శాతానికి మించిన తేమలో బీరువాలో మూసిపెట్టిన లెన్స్ గాజు మీద బూజు పట్టే ప్రమాదం ఉంది. ముదిరితే అది గాజు పూతను తినేస్తుంది. లెన్సులు పెరిగితే కాపాడాల్సినవీ పెరుగుతాయి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి, చిన్న తేమమాపకం పెట్టి, 40 నుంచి 50 శాతం మధ్య నిలిపితే చాలు. ఇసుక గాలిలో లెన్స్ మార్చితే సెన్సర్ మీద రేణువులు చేరతాయి కాబట్టి మార్పేదో ఇంట్లోనే చేసుకుని బయల్దేరాలి. కాంపాక్ట్‌కు ఈ బెడద లేదనుకోవద్దు. ముందుకు సాగే దాని లెన్స్ గొట్టంలో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా కదలిక ఆగిపోవచ్చు, ఊడదీసి మార్చే వీలు అందులో లేదు.

డీఎస్ఎల్ఆర్ల కాలమే ముగుస్తోందన్న మాట కూడా వినిపిస్తుంది. 2003లో కెనాన్ 300డి వెయ్యి డాలర్ల లోపు ధరకు వచ్చి మామూలు మనిషి చేతికి డీఎస్ఎల్ఆర్‌ను అందించింది. ఇరవై ఏళ్లు తిరక్కుండానే కంపెనీలు అద్దంలేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మళ్లాయి. ఇది మన వాదనను బలపరుస్తుందే తప్ప కొట్టివేయదు. అద్దం పోయినా మార్చుకునే లెన్స్ పోలేదు. మిర్రర్‌లెస్‌లోనూ కిట్ లెన్స్ ద్వారం చిన్నదే, విలువ రెండో లెన్స్‌లోనే. పైగా చాలామంది కొత్త కెమెరాలకు మారుతుండటంతో పాత డీఎస్ఎల్ఆర్లు, వాటి 50 మి.మీ. లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. ఫోటాన్‌కు కెమెరా తయారైన సంవత్సరం తెలియదు. 2018లో వచ్చిన డి3500 సెన్సర్ మీద 27.8 మి.మీ. ద్వారంగుండా పడే వెలుగు అదే కోణంలో నేటికీ ఏ జేబు కెమెరా పట్టేదానికన్నా ఎంతో ఎక్కువ.

కాబట్టి దుకాణానికి వెళ్లేముందు చేయాల్సింది కాగితం మీద రెండు లెక్కలు. తీయబోయే దృశ్యాలను రాసుకుని, వాటిలో చీకట్లో కదిలేవి, నీడలో దూరంగా ఉండేవి ఎన్నో చూడాలి. పెళ్లిళ్లు, నాటకాలు, పక్షులు ఆ జాబితాలో ఉంటే డీఎస్ఎల్ఆర్ తీసుకోవాలి. బడ్జెట్‌లో కొంత 50 మి.మీ. లేదా 70–300 లెన్స్ కోసం మొదటిరోజే పక్కన పెట్టాలి, అందుకోసం బాడీ పాతదైనా ఫర్వాలేదు. ప్రయాణాలు, గుహలు, కొండలు, స్నేహితులు, ఇంటి విశేషాలు మాత్రమే ఉంటే, రెండో లెన్స్ కొనే ఉద్దేశం లేకపోతే, పెద్ద ద్వారమున్న కాంపాక్టే సరైనది; 240 గ్రాముల కెమెరా వెంట ఉంటుంది కాబట్టి ఎక్కువ ఫొటోలు తీయిస్తుంది కూడా. రెండో లెక్క, ప్రతి కెమెరాకూ ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ సంఖ్యతో భాగించడం. ఏ ప్రకటనా చెప్పని ఆ అంకెను తెలుసుకున్న విద్యార్థి తన డబ్బుకు ఎంత కాంతి వస్తుందో తానే తేల్చుకోగలడు. హైస్కూలు భాగహారం వచ్చినవారెవరైనా ఈ నిర్ణయాన్ని దుకాణదారుడి మాటకు వదిలేయాల్సిన అవసరం లేదు.